సున్నపుబట్టీలో ఉపదేశం

నీలకందర రాజ్యపు యువరాజు శరభాంకుడు బైరాగి వేషంలో శుక్తిమఠం మెట్ల దగ్గరికి చేరేసరికి బారెడు పొద్దెక్కింది. అప్పటికే అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతున్నారు. కొందరు ముసలివాళ్ళను వీపున మోసుకుంటూ ఎక్కుతున్నారు. పక్షవాతం వచ్చిన తండ్రిని బుట్టలో కూర్చోబెట్టుకుని నలుగురు కొడుకులు ఎక్కుతున్నారు. అందరికీ కావలసింది ఒక్కటే, పైన తెర వెనక నుంచి వినిపించే ఏడు అక్షరాలు.

మఠాన్ని మాత్రం మెచ్చుకోవలసిందే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్మున, పునాది నుంచి శిఖరం దాకా ముత్యపుచిప్పలు తాపడం చేసిన కట్టడం అది. ఎండ పడేకొద్దీ దాని గోడలు ఒకసారి గులాబీ, ఒకసారి నెమలిపింఛపు నీలం, ఒకసారి లేతచిగురు రంగుల్లోకి మారుతూ మెరుస్తాయి. ద్వారబంధాలకు పగడాలు, గవాక్షాలకు తాబేటిచిప్పల జాలీలు. ప్రాకారం చుట్టూ నూటెనిమిది శంఖాలు బిగించారు. సముద్రపుగాలి వాటిలో దూరినప్పుడల్లా కొండంతా ఓంకారంతో మారుమోగుతుంది. గాలి స్తంభించిన రోజుల్లో మఠం వాళ్ళే మనుషుల్ని పెట్టి ఊదిస్తారని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు కాని అనరు.

శరభాంకుడు ఈ మెట్లు ఎక్కడం ఇది రెండోసారి. మొదటిసారి ఎక్కినప్పుడు అతని గుండె నిండా ఆశ ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో భయం, కోపం ఉన్నాయి.

కరాళదంతుడనే మాంత్రికుడు అతని అక్క మందారికను పెళ్ళాడతానని వచ్చి, కాదనిపించుకుని, ఆమె మీద శిలాప్రయోగం చేసి పోయాడు. ఆమె పాదాలు ముందు రాయయ్యాయి, తరవాత పిక్కలు. దానికి విరుగుడు శిలోద్ధరణ మంత్రం ఒక్కటే. అది శుక్తిమఠాధిపతి అమోఘనాథులవారి దగ్గర తప్ప లోకంలో మరెక్కడా లేదు. శరభాంకుడు పరుగున వచ్చి, వరసలో నిలబడి, తెర వెనక నుంచి ఏడక్షరాల ఉపదేశం పొంది, పరుగున వెళ్ళి అక్క పాదాల దగ్గర కూర్చుని జపం మొదలుపెట్టాడు. నూటెనిమిదోసారి పూర్తయ్యేసరికి మోకాళ్ళ దగ్గరున్న రాయి ఒక్క గెంతున నడుముకెక్కింది.

"తమ్ముడూ, ఇక చదవకురా," అంది మందారిక. ఆమె ఏడవలేదు. తిట్టిపోసి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

అప్పటినుంచి రాయి రోజుకు బెత్తెడు చొప్పున పైకి పాకుతోంది. గొంతు దాటితే ఇక చేసేదేమీ లేదని రాజవైద్యులు తేల్చేశారు. లెక్కకు అయిదు రోజులు. అందులో రెండు ఇక్కడికి రావడానికి పోయాయి, రెండు తిరిగి వెళ్ళడానికి కావాలి. మిగిలింది ఈ ఒక్కరోజు. తాను చదివినదాంట్లో తప్పెక్కడుందో అమోఘనాథులవారి నోటితోనే చెప్పించుకోవాలని అతను వచ్చాడు.

వరసలో అతని ముందు ఒక పండితుడు నిలబడ్డాడు. పట్టుశాలువా, మెడలో గవ్వలపేరు. మాటల్లో శరభాంకుడు తన గోడు కొంత చెప్పగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"మూడో అక్షరానికీ నాలుగో అక్షరానికీ మధ్య గురువుగారు దగ్గుతారు, గమనించారా?" అన్నాడు.

"గమనించాను. నేనూ దగ్గాను."

"ఎలా దగ్గారు? పొడిదగ్గా, కఫపుదగ్గా?"

"పొడిదగ్గే."

"అదీ సంగతి! కొంప ముంచుకున్నారు. మా శాఖవారికి కఫపుదగ్గే ప్రమాణం. పొడిదగ్గు ఉత్తరశాఖవాళ్ళది, వాళ్ళు వట్టి మూర్ఖులు. దగ్గుభాష్యం అని నేనొక గ్రంథం రాశాను, నాలుగొందల పత్రాలు. ఆ దగ్గులో సృష్టి, స్థితి, లయ మూడూ ఉన్నాయి."

"మరి గురువుగారిని అడిగితే పోలేదా?"

పండితుడు చెవులు మూసుకున్నాడు. "అపచారం! గురువుగారిని ప్రశ్నించకూడదు. అది ఇక్కడి నియమం. పదకొండేళ్ళుగా ఒక్కరూ ప్రశ్నించలేదు."

శరభాంకుడి వంతు వచ్చింది. ఒక్కొక్కరినే లోపలికి పంపి తలుపు మూస్తారు. చిన్న గది, సాంబ్రాణి పొగ, ఎదురుగా ఎర్రపట్టు తెర. అతను సాష్టాంగపడి లేచాడు. తెర వెనక నుంచి ముసలి గొంతు, కాస్త వణుకుతూ, మూడక్షరాలు పలికింది. దగ్గింది. తక్కిన నాలుగూ పలికింది.

"స్వామీ," అన్నాడు శరభాంకుడు, "మీరిచ్చిన మంత్రం జపించాను. రాయి తగ్గకపోగా పెరిగింది. నా తప్పేమిటో చెప్పండి."

మూడక్షరాలు, దగ్గు, నాలుగక్షరాలు.

"స్వామీ, మా అక్క చచ్చిపోతోంది!"

మూడక్షరాలు, దగ్గు, నాలుగక్షరాలు. అదే వణుకు, అదే దగ్గు, వెంట్రుకవాసి తేడా లేదు. అంతలో ఆ గొంతు మరో మాట అంది. "బయ్యమ్మా, గొంతుకు కాస్త సున్నం రాయవే. ఊపిరాడటం లేదు."

శరభాంకుడు ఒక్క ఊపున తెర లాగిపారేశాడు.

పులితోలు పరిచిన పీఠం మీద ఒక జత పాదుకలున్నాయి. వాటి పక్కన వెండి కొయ్యకు వేలాడుతున్న పంజరంలో ఒక గోరువంక. ముసలిది, మెడ దగ్గర ఈకలు ఊడిపోయాయి. అది అతనివైపు తల వంచి చూసి మళ్ళీ మొదలుపెట్టింది. మూడక్షరాలు, దగ్గు, నాలుగక్షరాలు.

పంజరం వెనక మెత్తటి పరుపు మీద మఠపు ప్రధానశిష్యుడు నిత్యతృప్తస్వామి కూర్చుని అరటిపండు తింటున్నాడు. పేరుకు తగిన విగ్రహం. ఆయనేమీ తత్తరపడలేదు. తొక్క పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"కూర్చో నాయనా. పదకొండేళ్ళలో తెర లాగినవాడివి నువ్వే."

"గురువుగారేరీ?"

"పోయారు. ఆ దగ్గుతోనే పోయారు. ఆఖరి నెలంతా ఈ పక్షి ఆయన మంచం పక్కనే ఉండేది. ఆయన మంత్రం మననం చేసుకుంటుంటే విని పట్టేసింది. ఉచ్చారణలో దీనికి వంక పెట్టగల మొనగాడు లేడు."

"పక్షి చేత ఇన్ని వేలమందికి ఉపదేశమిప్పించారా?"

"తప్పేముంది?" నిత్యతృప్తుడు నవ్వాడు. "బతికున్నప్పుడు అమోఘనాథులు పదిమందిలో తొమ్మిదిమందిని వెనక్కి పంపేవారు. నీకు అర్హత లేదు, ముందు నీ అన్నకు చేసిన అన్యాయం దిద్దుకుని రా, అనేవారు. రాజుల్ని సైతం మొహం మీదే కడిగేసేవారు. పక్షి ఎవరినీ కాదనదు, ఎవరినీ ఏమీ అడగదు. జనం సంతోషంగా ఉన్నారు. బతికున్న గురువుతో ఎన్ని తలనొప్పులో నీకేం తెలుసు?"

"మీరు ఆయన శిష్యులు గదా! ఆ మంత్రం మీరే ఇవ్వకపోయారా?"

మొదటిసారి ఆ నిండుమొహం చిన్నబోయింది. "నాకివ్వలేదు. నలభై ఏళ్ళు ఆ కాళ్ళు పిసికాను. ఇవ్వలేదు. చివరికి ఎవరికిచ్చాడో తెలుసా? గొంతుకు పట్టు వేయడానికి వచ్చే సున్నంకాల్చే ఆడదానికి! ఉప్పుటేటి ఒడ్డున ఇప్పటికీ గవ్వలు కాలుస్తూనే ఉంది. మా గోడలకు సున్నం దాని బట్టీనుంచే వస్తుంది. ఉపదేశమని నోరు తెరిస్తే కొడుకు ప్రాణం దక్కదని ఆనాడే చెప్పాను. బుద్ధిగా మూసుకుని ఉంది. నీకూ అలాగే నోరు మూసుకోమని చెప్పి పంపేవాణ్ణే గాని..." ఆయన చప్పట్లు చరిచాడు. "నువ్వు బయటికి వెళ్ళకూడదు నాయనా."

పక్క తలుపుల్లోంచి ఆరుగురు ఈటెలవాళ్ళు దూకారు. శరభాంకుడు యోగదండంలో దాచిన కత్తి దూశాడు. మొదటివాడి ఈటె విరిగింది, రెండోవాడు పీఠం మీద పడ్డాడు, పాదుకలు చెరో మూలకు ఎగిరాయి. పంజరం కింద పడి దొర్లుతుంటే గోరువంక అదే పనిగా మంత్రం వల్లిస్తోంది. అతను గవాక్షపు జాలీని తన్ని పగలగొట్టి ప్రాకారం మీదికి గెంతాడు. వెనక బాణాలు రివ్వుమన్నాయి. శంఖాల మీద అడుగులేస్తూ మూల బురుజు దాకా పరిగెత్తి, ధ్వజం తాడు పట్టుకుని జర్రున జారాడు. అరచేతులు తోలూడిపోయాయి. కింద జనం అది కూడా ఉత్సవంలో భాగమనుకుని చేతులెత్తి మొక్కారు.

ఇక మిగిలింది బయటి ద్వారం. అక్కడ ఒక్కడే కావలివాడు ఉన్నాడు, పాతికేళ్ళవాడు. మోచేతుల దాకా కాలిన పాత మచ్చలు, తెల్లగా. వాడు ఈటె ఎత్తాడు. శరభాంకుడి మొహం చూసి, ఎందుకో మళ్ళీ దించేశాడు.

"అయ్యా, కాస్త ఆగండి," అన్నాడు. "మీరెవరో, ఏం చేశారో నాకు తెలీదు. నాకు మీతో పగేం లేదు. కత్తి కింద పెట్టండి, నేనే దగ్గరుండి..."

వాడి మాట పూర్తి కాలేదు. వెనక గుర్రాల డెక్కలు వినిపిస్తున్నాయి. అక్క నడుం మీదికి పాకే రాయి తప్ప శరభాంకుడికి మరేమీ కనిపించలేదు. ఒక్క వేటు వేశాడు. కావలివాడు ఆశ్చర్యంగా చూస్తూ మోకాళ్ళ మీద కూలాడు. శరభాంకుడు వాణ్ణి దాటుకుని, రావిచెట్టుకు కట్టిన మఠపు గుర్రాన్ని విప్పి, దాని డొక్కలో మడమ పొడిచాడు.

ఉప్పుటేరు అక్కడికి అరామడ. అడ్డదారిన, ముళ్ళపొదల్లోంచి, నీటిగుంటల్లోంచి తోలాడు. నడినెత్తికి వచ్చిన సూర్యుడు కాస్త వాలేసరికి తెల్లటి పొగ కనిపించింది. ఏటి ఒడ్డున గవ్వల గుట్టలు, ఆల్చిప్పల గుట్టలు, వాటి మధ్య నిలువెత్తు బట్టీ. చుట్టుపక్కల నేల, గుడిసె, గట్టున మొలిచిన తుమ్మచెట్లు అన్నీ సున్నపుదుమ్ముతో తెల్లబారి ఉన్నాయి. అంత తెలుపులోనూ అక్కడ అందమనేది మచ్చుకైనా లేదు. గాలి పీలిస్తే గొంతు మండుతోంది.

ఒక ముసలామె బట్టీలో పొట్టు ఎగదోస్తోంది. అరవై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా కాలి, మచ్చలు కట్టి ఉన్నాయి.

"బయ్యమ్మ మీరేనా తల్లీ?"

"నేనే. గుర్రాన్ని నీడన కట్టు బాబూ, దుమ్ముకు దాని కళ్ళు పోతాయి," అందామె. తరవాత అతని మొహంలోకి చూసింది. "నీళ్ళు తాగి చెప్పు. పరిగెత్తుకొచ్చినట్టున్నావు."

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్క సంగతి, మంత్రం సంగతి, దగ్గు, పక్షి, నిత్యతృప్తుడు. ద్వారం దగ్గర జరిగింది మాత్రం చెప్పలేదు. అవసరం లేదనుకున్నాడు.

దగ్గుభాష్యం మాట వినగానే బయ్యమ్మ నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. "దగ్గు ఆయనది నాయనా, మంత్రం నీది. ఆయన బతికుంటే, ఒరే, నా దగ్గెందుకురా నీకు, అని నెత్తిన ఒక్కటిచ్చేవాడు. అది చెప్పేవాడు లేక ఊరూవాడా దగ్గుతున్నారు. నడిమధ్య ఆగిన మంత్రం రాయిని రేపుతుంది."

"అయితే దగ్గు తీసేసి చదివితే చాలా?" శరభాంకుడు లేచి నిలబడ్డాడు. "ఆ అక్షరాలు నాకు వచ్చు!"

"చదువు, ఎవరొద్దన్నారు? మోకాళ్ళనుంచి నడుముకొచ్చింది, నడుమునుంచి మెడకొస్తుంది." ఆమె గొంతులో జాలి లేదు. "ఆ పక్షి నిన్నేమైనా అడిగిందా?"

"లేదు."

"గురువు అడుగుతాడు. ఏం చేసొచ్చావురా అని అడుగుతాడు. చెప్పినదంతా విని, అందులో సగం తన నెత్తిన వేసుకుని, అప్పుడు చెవిలో చెబుతాడు. సగం బరువు దిగిన మనిషి నోటనే ఆ మంత్రం పలుకుతుంది. చచ్చినవాళ్ళు మొయ్యలేరు, తాటాకులు మొయ్యలేవు, పక్షి అసలే మొయ్యదు. బతికున్న గురువు కావాలనేది అందుకే. అంతకు మించి ఇందులో మర్మం ఏమీ లేదు."

"మరి ఇన్నేళ్ళు మీరెవరికీ ఇవ్వలేదేం?"

"ఎవరూ రాలేదు. గోరువంక దగ్గరికి పోతే పని అయిపోతుంటే సున్నపుబట్టీకి ఎవరొస్తారు? పైగా మావాణ్ణి ఆ మఠం ద్వారం దగ్గరే కావలి పెట్టుకున్నాడు ఆ స్వామి, నేను నోరు తెరవకుండా. మా సింగన్న. ఒక్కడే నాకు. పొద్దస్తమానం ఈ బట్టీలో చేతులు కాల్చుకున్నవాడు, ఈటె పట్టడం వాడికేం తెలుసు? ఎవరైనా కత్తి చూపిస్తే ముందు మాట్లాడదాం అంటాడు, వెర్రినాగన్న." ఆమె చెంబులో నీళ్ళు ముంచి అతని చేతిలో పోసింది. "రా, కూర్చో. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేసొచ్చావు?"

శరభాంకుడి చేతిలోంచి నీళ్ళు కారిపోయాయి.

పారిపోవాలనిపించింది. అబద్ధమాడాలనిపించింది. అడవిలో దుప్పిని కొట్టాననో, చిన్నప్పుడు తమ్ముళ్ళ వాటా తిన్నాననో చెప్పి కూర్చుంటే ఈమెకేం తెలుస్తుంది? ఏడక్షరాలు చెవిన పడతాయి, గుర్రమెక్కుతాడు. కాని దాచిపెట్టిన పాపంలో ఆమె మోసేదేముంది? అప్పుడు ఆ మంత్రం పక్షి మంత్రమే అవుతుంది. అక్క కళ్ళముందు రాయి మళ్ళీ గెంతుతుంది. నిజం చెబితే ఆమె ఇవ్వదు. అబద్ధం చెబితే ఇచ్చినా పనిచేయదు. ఎటు చూసినా అక్క చావే కనిపించింది. అతను పుట్టి బుద్ధెరిగాక ఇంత నీచంగా తనను తాను ఎన్నడూ చూసుకోలేదు.

"అమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అమ్మా, ఇవాళ పొద్దున మఠం ద్వారం దగ్గర ఒక కావలివాణ్ణి చంపాను. వాడు ఈటె దించాడు. మాట్లాడబోయాడు. నేను విన్లేదు. వాడి మోచేతుల మీద సున్నపు మచ్చలున్నాయి."

బట్టీలో గవ్వలు చిటపటమని పేలుతున్నాయి. బయ్యమ్మ లేచి, పొట్టు ఎగదోసే ఇనపగరిటె చేతిలోకి తీసుకుంది. కొన ఎర్రగా కాలి ఉంది. శరభాంకుడు కదల్లేదు, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి గరిటె నేలమీద పడిన చప్పుడైంది.

"ఏమన్నాడు?" అనడిగింది. "చివరికి ఏమన్నాడు వాడు?"

"కాస్త ఆగండి అన్నాడు. మీతో పగేం లేదన్నాడు."

"అంటాడు. అలాగే అంటాడు." ఆమె నేలమీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు తుమ్మచెట్ల మీది కాకులు లేచిపోయాయి. అతను వెళ్ళి కాళ్ళు పట్టుకోబోతే కాలితో తన్నింది. మళ్ళీ పట్టుకోబోయాడు. మళ్ళీ తన్నింది.

కాసేపటికి ఆమే లేచింది. "ఏట్లో మునిగి రా," అంది.

"అమ్మా?"

"గురువుగారు నాకిచ్చేటప్పుడు ఒక్క మాట తీసుకున్నారు. అడిగితే నిజం చెప్పినవాడికి లేదనకే అన్నారు. పదకొండేళ్ళు ఎదురుచూశాను, ఒక్కడంటే ఒక్కడైనా రాడా అని. ఒక్కడొచ్చాడు, నిజం చెప్పాడు. ఆ నిజం ఇదే కావాలా?" ఆమె ఆకాశం వైపు చూసి ఎవరినో తిట్టింది. అమోఘనాథులనే కావచ్చు. "మునిగి రా. నా మనసు మారకముందే రా."

అతను మునిగి వచ్చాడు. ఆమె అతన్ని తూర్పుముఖంగా కూర్చోబెట్టి, కాలిన చేయి అతని తల మీద పెట్టింది. కుడిచెవి దగ్గరికి వంగింది. అవే ఏడక్షరాలు. పక్షి చెప్పినదానికీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు. కాని ఆమె ఊపిరి వేడిగా చెవికి తగిలింది. వెక్కుతూ చెప్పింది. అంత వెక్కుతూ కూడా, ఏడక్షరాల మధ్య ఎక్కడా ఆగలేదు.

శరభాంకుడి వెన్నులోంచి ఏదో జారి దిగిపోయినట్టయింది. మోసుకొచ్చిన రాయి సగం తేలికైంది. ఆ తేలికదనానికి అతనికి అసహ్యం వేసింది, ఎందుకంటే అది ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు.

"అయిపోయింది," అంది బయ్యమ్మ. "నువ్వు చేసినదాంట్లో ఇప్పుడు సగం నాది. నా కొడుకును సగం నేను చంపాను."

"వద్దమ్మా! ఆ సగం నాకే..."

"ఇక వద్దనడానికి లేదు. చెప్పేశాను."

అంతలో దారిన దుమ్ము లేచింది. ముందు మఠపు రౌతులు ఎనిమిదిమంది. వాళ్ళ వెనక, పొద్దున సున్నం దించి వచ్చే ఎడ్లబండి. బండిలో గుడ్డ కప్పిన మనిషి. పక్కనే నలుగురు కావలివాళ్ళు తలలు వంచుకుని నడుస్తున్నారు. బయ్యమ్మ ఒక్క క్షణం ఆ బండివైపు చూసి, శరభాంకుడి జబ్బ పట్టుకుని బట్టీ చాటుకు ఈడ్చింది.

"రేవు దాటితే మీ సీమ. రేవులో మనుషుల్ని పెట్టే ఉంటారు, పాడెను తప్ప దేన్నీ పోనివ్వరు. మా వల్లకాడు రేవు పక్కనే, పాడె వెంట అక్కడిదాకా వచ్చి ఏరు దాటిపో." మాట్లాడుతూనే చల్లారిన సున్నం రెండు చేతులా తీసి అతని జటలకు, మొహానికి, ఛాతీకి పులిమింది. కావిగుడ్డ లాగి బట్టీలో పడేసి, మాసిన గోచి ఒకటి చేతిలో పెట్టింది. "మావాడిది. కట్టుకో. తలెత్తకు. నా కొడుకు నడిచినట్టు నడువు, కాళ్ళు ఈడుస్తూ."

రౌతుల నాయకుడు గుర్రం దిగకుండానే అరిచాడు. "ముసలీ! ఇటు బైరాగి ఎవడైనా వచ్చాడా? నీ కొడుకును చంపినవాడే వాడు!"

"నా కొడుకును దించండి ముందు," అంది బయ్యమ్మ.

వాళ్ళు దించారు. ఆమె గుడ్డ తీసి చూసింది, మొహం తుడిచింది, మళ్ళీ కప్పింది. కావలివాళ్ళు తుమ్మకొమ్మలు నరికి పాడె కట్టారు. రౌతులు గుడిసె వెతికారు, గవ్వలగుట్టల్లో ఈటెలు గుచ్చారు. నీడన కట్టిన గుర్రాన్ని చూసి కేకలు పెట్టారు.

"ఈ గుర్రం మఠానిది! వాడు ఇక్కడే ఉన్నాడు!"

"వదిలేసి ఏరు ఈదుకుంటూ దాటిపోయాడు," అంది బయ్యమ్మ. "పట్టుకోవడం చేతకాక నామీద అరుస్తావేం?"

నాయకుడి చూపు బట్టీ పక్కన తల వంచుకుని నిలబడ్డ తెల్లటి మనిషి మీద పడింది. "వీడెవడు?"

బయ్యమ్మ బట్టీలోంచి నిప్పులు తీసి కుండలో వేసింది. కుండను తాళ్ళ ఉట్టిలో పెట్టింది. తెచ్చి శరభాంకుడి చేతికిచ్చింది.

"కొడుకు వరస," అంది. "నిప్పు పట్టడానికి నాకు ఇంకెవరున్నారు?"

నాయకుడు ఇంకేదో అడగబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. పాడె లేచింది. నిప్పు పట్టినవాడు ముందు నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ సీమలో అది ఆచారం. శరభాంకుడు కాళ్ళు ఈడుస్తూ నడిచాడు. పొగ కళ్ళలోకి కొట్టింది, నీళ్ళు కారి మొహం మీది సున్నం చారలు కట్టింది. పెదవుల లోపల మంత్రం చదువుకోబోయాడు. చంపినవాడి పాడె ముందు దాన్ని చదవడానికి నోరు రాలేదు.

వంద అడుగులు దాటాక, పాడె ముందుకొమ్ము మోస్తున్న కావలివాడు అతని వీపు వెనక నుంచి, అతనికి మాత్రమే వినబడేలా మాట్లాడాడు.

"పొద్దున నేను ద్వారం పక్క మెట్ల మీద, జనం మధ్య ఉన్నాను. చూశాను. సున్నం పూసుకుంటే గుర్తుపట్టననుకున్నావా?"

శరభాంకుడు తిరగలేదు.

"నిన్ను చూసిన తరవాత ఆమె మొహం కూడా చూశాను. ఆమెకు తెలుసు. తెలిసీ నీ చేతికి నిప్పిచ్చింది. ఎందుకో నాకర్థం కాలేదు. అర్థం కాకనే ఊరుకున్నాను." వాడు పాడెకొమ్ము భుజం మార్చుకున్నాడు. "నువ్వు చితికి నిప్పు పెట్టేదాకా ఊరుకుంటాను. ఆ తరవాత ఊరుకోను."

ముందు రేవు కనిపిస్తోంది. రేవులో ఈటెలవాళ్ళు బారులు తీరి ఉన్నారు. వాళ్ళు పాడెను చూసి దారి ఇచ్చి, చేతులు జోడించారు.